గడ్డి లారీ దిగని మనుషులు

కాలనీ పార్కు ప్రారంభం రోజున అందరికీ శాలువాలు కప్పారు. పూలకుండీలు దింపిపోయిన ఆటో అతనికి కూడా కప్పారు. ఆ పార్కులో ప్రతి మొక్క గుంతా నేను దగ్గరుండి తీయించినదే. నాకు కప్పలేదు. శాలువా ఆకుపచ్చది, అంచు ఎరుపు. అది జరిగి చాలా ఏళ్ళయింది. నాకు ఆ అంచు ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఇది మొదటే ఎందుకు చెప్తున్నానంటే, రాస్తున్నది ఎలాంటి మనిషో మీకు తెలియాలి. నేను మర్చిపోను. మర్చిపోమని చెప్పినవాళ్ళను కూడా మర్చిపోను. ఈ గుణం వల్ల నాకు స్నేహితులు తగ్గారు, చుట్టాలు తగ్గారు. కానీ నా ఉద్యోగ జీవితంలో గర్వంగా చెప్పుకోగలిగిన ఒక పని ఉందంటే, అది ఈ గుణం వల్లే జరిగింది. తోటలు వేసే సంస్థల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

గడ్డి పంతులు

మాది మంథని. ఇంట్లో అందరూ గుడి సేవలోనో బడి ఉద్యోగంలోనో ఉన్నవాళ్ళే. నేను వ్యవసాయంలో డిప్లొమా చదివి, గోదావరిఖనిలో తోటల కాంట్రాక్టులు చేసే ఒక ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఒక పెళ్ళి పంక్తిలో మా పెదనాన్న కొడుకు అందరికీ వినపడేటట్టు, "పేడ పిసికిన చేతులు, జర మంచిగ కడుక్కొని కూసో" అన్నాడు. కడుక్కునే కూర్చున్నాను. అతని ఇంటికి మళ్ళీ భోజనానికి పోలేదు. సైటు మీద నా పేరు గడ్డి పంతులు. దానికి అలవాటు పడ్డాను, ఒప్పుకోలేదు.

ఆఫీసర్ల కాలనీల్లో పచ్చిక, రోడ్డు మధ్య డివైడర్లలో పూలచెట్లు, ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన కొండల్లా పేరుకున్న మట్టి దిబ్బల మీద వేప, కానుగ. ఇదీ మా పని. పొద్దున నీళ్ళు పోసిన ఆకు సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో నల్లబడే ఊరు. ఇక్కడ పచ్చదనం నిలపడం ఎలాగో చెప్పే వాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఆ పచ్చదనాన్ని ఎవరు మోసుకొచ్చారన్నది. అది అడగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమేనని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నాను.

ఓదెలు ట్రంకుపెట్టె

మా మేస్త్రి ఓదెలు బెల్లంపల్లి మనిషి. గని మూతపడ్డాక కూలీల ముఠా కట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకసారి బ్యాంకు పనికి కూలీల ఆధార్ కార్డులు కావాల్సి వచ్చి అడిగితే, నవ్వుతూ ట్రంకుపెట్టె తెరిచాడు. అందరి కార్డులూ అందులోనే, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"ఫికర్ చెయ్యకు సారూ. అన్నీ నా కాడనే భద్రంగ ఉన్నయి. గుడిసెలల్ల ఎలుకలు కొరుకుతయని నేనే పెట్టిన."

"ఓదెలూ, బాయిల పని చేసినప్పుడు నీ బిళ్ళ ఎవరి దగ్గర ఉండేది?"

గనిలోకి దిగేవాళ్ళకు లాంప్ రూంలో నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని బట్టే ఎవరు లోపల ఉన్నారో, ఎవరు పైకి వచ్చారో తెలుస్తుంది.

"నా దగ్గరనే. ఇచ్చేది నేనే, తీసుకునేది నేనే. ఇంకోని చేతుల పెడ్తే నేను లోపల్నే ఉన్ననా, మీదికొచ్చిననా ఎవనికి ఎర్క?" అన్నవాడు ఆగిపోయాడు. ట్రంకుపెట్టె వైపు చూశాడు. "నీ నోట్లె మన్నువడ, గిది గట్లనే అయితది గద పంతులూ!"

ఆ సాయంత్రమే ఎవరి కార్డు వాళ్ళకు ఇచ్చేశాడు. ఓదెలుకు చెడు ఉద్దేశం లేదు. కానీ మంచి మేస్త్రి చేతిలో ఉన్న కార్డు రేపు చెడ్డ మేస్త్రి చేతికి పోతుంది. అప్పుడు ఆ మనిషి ఎక్కడికీ పోలేడు. మనిషి గుర్తింపు మనిషి దగ్గరే ఉండాలి. నేను నేర్చుకున్న మొదటి నియమం ఇది. దీన్ని మా ఓనరుకు చెప్తే, "మీకు కంప్లైంట్ లేకపోతే అన్నం అరగదండీ పంతులు గారూ" అన్నారు. అదీ గుర్తుంది.

కాదన్న చాయ్

బొగ్గు ఊళ్ళలో షిఫ్టు ఎక్కేముందు గేటు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగాలి. కొట్లాడుకున్నవాళ్ళు కూడా ఒకే బల్ల మీద కూర్చుని తాగుతారు. ఎవరైనా చాయ్ చెప్పినప్పుడు కాదంటే, ఆ మనిషినే కాదన్నట్టు.

మా కార్పెట్ గడ్డి గోదావరి అవతల మల్లేశం అనే అతని నర్సరీ నుంచి వచ్చేది. గడ్డిని మట్టితో సహా పలకలుగా కోసి, చాపల్లా చుట్టి, తడి గోనెలు కప్పి పంపుతారు. వచ్చిన పూటే పరచాలి. ఆలస్యమైతే చుట్టలోనే ఉడికి పసుపుపచ్చగా మారుతుంది. పరిచే మనుషులు కూడా ఆ లారీలోనే, ఆ చుట్టల మీదే కూర్చుని వచ్చేవారు. పని అవగానే ఖాళీ లారీలో వెళ్ళిపోయేవారు. రాష్ట్రం సరిహద్దు అవతల అడవుల నుంచి వచ్చిన కోయ కుటుంబాలవి.

మొదటిసారి వాళ్ళకు చాయ్ చెప్పాను. ఎవరూ రాలేదు. "వాళ్ళు తాగరు సారూ, అలవాటు లేదు" అన్నాడు డ్రైవర్.

ఓదెలు ఊరుకుంటాడా! "పంతులు చాయ్ తాగే కన్న ఉపాసముండుడు నయమనుకున్నరేమో!"

నాకు తల కొట్టేసినట్టయింది. రెండోసారి లారీ వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాను. మళ్ళీ రాలేదు. మూడోసారి కెటిల్ పట్టుకుని నేనే పోయాను. ముందు కూర్చున్న ఆమె గ్లాసు వైపు చెయ్యి చాపబోయి ఆగింది. నా వైపు చూడలేదు, చాయ్ వైపు చూడలేదు. డ్రైవర్ వైపు చూసింది.

అవమానాల విషయంలో నాకు అనుభవం ఎక్కువ. అవమానించేవాడు మన ముఖం చూస్తాడు, మనకు తగిలిందో లేదో తెలుసుకోవాలి కదా. ఈమె నా ముఖమే చూడలేదు. అంటే ఇది నాకు జరిగిన అవమానం కాదు. మరి ఎవరికి జరిగింది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సమ్మక్క వచ్చిన వారం

రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క జాతర వారంలో మా దగ్గర ఏ పనీ నడవదు. మేడారం పోగలిగినవాళ్ళు మేడారం పోతారు, పోలేనివాళ్ళు గోదావరి ఒడ్డున అమ్మవార్ల గద్దెల దగ్గర మొక్కు తీర్చుకుంటారు. నెత్తి మీద బెల్లం ముద్దలు పెట్టుకుని జనం రోడ్డంతా నిండిపోతారు. ఆ బెల్లాన్నే బంగారం అంటాం. ఆ వారంలోనే ఒక లాన్ పూర్తి చేయాలని మా ఓనర్ సుధాకర్ గారు పట్టుబట్టారు. మల్లేశం ఫోనులో ధైర్యం చెప్పాడు: "ఎంతమంది గావాలె? మా వాళ్ళకు జాతర గీతర ఏం లేదు."

ఆ మాట విని ఓదెలు ముఖం మాడ్చుకున్నాడు. "కోయోళ్ళకు సమ్మక్క జాతర లేదా? అమ్మ వాళ్ళింటి ఆడబిడ్డ సారూ! మనమే వాళ్ళ జాతరకు పోతున్నం. కోయోళ్ళు జాతరకు పోరంటే చేపలు ఏటికి పోవన్నట్టే."

లారీ వచ్చింది. వీళ్ళను దింపేసి డ్రైవర్ గద్దెల వైపు వెళ్ళిపోయాడు. కాపలా కూడా లేదు. రోడ్డు మీద డప్పులు. చాయ్ కాదన్న ఆమె పలక పరుస్తూ పరుస్తూ లేచి నిలబడి, మట్టి చేతులతోనే రోడ్డు వైపు దండం పెట్టింది.

"రోడ్డు దాటితే గద్దె. పోయి రారాదు చెల్లే?" అన్నాడు ఓదెలు.

"పోతే మా అవ్వ ఏమైతదన్నా?"

ఆమె పేరు దేవె. భర్తకు జ్వరం ముదిరి దవాఖానలో పడ్డప్పుడు మల్లేశం బయానా కింద అప్పిచ్చాడు. ఆ బయానా తీరేదాకా నర్సరీ దాటొద్దన్నాడు. "ఎంత చేసినా తెగుతలేదు సారూ. చెట్టు నరికినకొద్ది చిగురేసినట్టు పెరుగుతనే ఉంది." కార్డులు, ఫోన్లు అతని బీరువాలో ఉన్నాయి. పనికి లారీ ఎక్కించేటప్పుడు ఇంటికొకరిని గేటు లోపల ఆపుకుంటాడు. ఆమె ఇంటి నుంచి ఆపుకున్నది తల్లిని. అందుకే డ్రైవర్ నిశ్చింతగా జాతరకు పోయాడు. బయట ఎవరితోనైనా చాయ్ తాగి మాట్లాడితే లోపల ఉన్నవాళ్ళకు దెబ్బలు.

ఓదెలు పోయి బెల్లం ముద్ద తెచ్చాడు. దేవె దాన్ని రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని, మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. "మా ఇంటి పేరు మీద అమ్మకు ముట్టజెప్పన్నా. దేవె మర్వలేదని చెప్పు."

వెట్టి అంటే తాతల నాటి మాట అనుకుంటాం. నేను పరిపించిన పచ్చిక మీద అది మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

మేము కొన్నది ఏమిటి?

సుధాకర్ గారి తండ్రి గుంటూరు వైపు నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన చెడ్డ మనిషి కాదు. తొందర మనిషి. ఈ వృత్తిలో రెండూ ఒక్కోసారి ఒకటే.

"ఏంటండీ పంతులు గారూ, మనం గడ్డి కొన్నాం. మనుషుల్ని కొన్లేదు కదా."

"కొన్నం సార్. పొద్దున చెప్పి మధ్యాహ్నానికి కావాలంటిరి. అందరికన్నా తక్కువ రేటుకు కావాలంటిరి. ఇష్టముండి పని చేసేటోళ్ళతోని అది కాదు. తాళం వేసిన గేటు లోపలి మనుషులతోనే అయితది."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. "సరే, నర్సరీ మార్చేద్దాం. గొడవ వదిలిపోద్ది."

పిల్లలూ, ఇక్కడే జాగ్రత్త. చాలా సంస్థలు ఇదే చేసి చేతులు దులుపుకుంటాయి. నర్సరీ మారిస్తే మన చేతులు శుభ్రమవుతాయి. దేవె చేతులకు ఏం మారుతుంది? మల్లేశం వేరే కొనుగోలుదారును చూసుకుంటాడు. మనం వాళ్ళను చూడగలిగే ఒక్క కిటికీ కూడా మూసుకుపోతుంది. ముందు మనుషులు బయటికి రావాలి, తర్వాతే సంబంధం తెంచాలి.

అది చెప్పాను. "రిటైర్ అయ్యే ముందు ఈ రాజకీయాలెందుకండీ మీకు?" అన్నారు. సరే, ఇది కూడా గుర్తుపెట్టుకుంటానని చెప్పి బయటికి వచ్చాను.

కుర్చీ దాచిన ఆఫీసు

వెట్టి నుంచి విడిపించే అధికారం రెవెన్యూ వాళ్ళది. ఆ ఆఫీసులో నేను కొత్తవాణ్ణి కాదు. వీధి దీపాల మీద, మురుగు కాలువ మీద, చివరికి వాళ్ళ ఆఫీసు ముందు చచ్చిపోయిన మొక్కల మీద కూడా ఫిర్యాదు చేసినవాణ్ణి. నేను మెట్లెక్కుతుంటే లోపలి నుంచి మాట వినబడింది: "గడ్డి పంతులొస్తున్నడు, కుర్చీ లోపలికి గుంజుండ్రి."

కుర్చీ లేదు. నిలబడ్డాను. మర్నాడు కూడా నిలబడ్డాను. ఆ తర్వాత కూడా. ఒకరోజు ఆర్డీవో మేడం బయటికి వస్తూ నన్ను చూసి, "ఈ పెద్దాయన రోజూ ఎందుకు నిలబడుతున్నారు?" అని అడిగింది. చిన్న వయసు, నిదానంగా వింటుంది. లోపలికి పిలిచి కుర్చీ వేయించింది. అంతా విన్నాక ఒక్కటే మాట అంది:

"నేను జీపు వేసుకుని వెళ్తే మల్లేశం అక్కడే ఉంటాడు. గేటు తీసేలోపు వెనక నుంచి అందరినీ పంపించేస్తాడు. అతను లేని సమయం కావాలి. పైగా లారీలో వెళ్ళినవాళ్ళు, లోపల ఉన్నవాళ్ళు అందరూ ఒకేసారి మన చేతికి రావాలి."

"అతన్ని నర్సరీ నుంచి బయటికి లాగే పని నాకు వదిలేయండి మేడం" అన్నాను.

"ఎలా?"

"ఫిర్యాదు చేసి."

తుంగ

ఎండలు ముదిరాయి. గెస్ట్‌హౌస్ ముందు కొత్త లాన్ వేయాలి, హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసర్ వస్తున్నాడు. పొద్దున్నే గడ్డి లారీ వచ్చింది. నేను గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"దింపేది లేదు. గడ్డిల తుంగ ఉంది."

తుంగ పచ్చికకు శత్రువు. కింద గింజంత గడ్డ ఒక్కటి ఉన్నా లాన్ మొత్తం పాకుతుంది. నిజంగానే రెండు పలకల్లో ఉంది. నేను అబద్ధపు ఫిర్యాదు ఎప్పుడూ చేయలేదు. ఆ రోజూ చేయలేదు. కాకపోతే రెండు పలకల ఫిర్యాదును లారీ అంత చేశాను. ఒక్కో చుట్ట విప్పించి, ఒక్కో పోచ పట్టుకుని చూశాను. డ్రైవర్ బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత మల్లేశానికి ఫోన్ చేశాడు. ఫోనులో మల్లేశం నవ్వు నాకు వినబడింది: "గడ్డి పంతులా? ఆని లొల్లి ఎప్పుడూ ఉన్నదే." అనుమానం లేదు. ఎందుకుంటుంది? ఇన్నేళ్ళుగా నేను ప్రతి లారీ మీదా ఏదో ఒకటి అన్నవాణ్ణే.

దేవె వాళ్ళు చుట్టల మీదే కూర్చుని ఉన్నారు. వాళ్ళకు ఏమీ చెప్పలేదు. చెబితే ముఖాలు దాచుకోలేరు.

ఎండ నడినెత్తికి వచ్చింది. గోనెలు ఆరిపోయాయి. సుధాకర్ గారు ఫోన్ మీద ఫోన్. "పంతులు గారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతానండీ, దించండి! గడ్డి చచ్చిపోద్ది!"

"చావనీయండి సార్."

చివరికి మల్లేశం కారు వచ్చి ఆగింది. నేను ఓదెలు వైపు చూశాను. ఓదెలు బీడీ వెలిగించుకునే వంకతో పక్కకు పోయి మేడంకు ఫోన్ కొట్టాడు.

"ఏంది పంతులూ, పానం తీస్తున్నవు?"

"తుంగ ఉంది మల్లేశం."

"గడ్డిల గడ్డి గాకుంటె మటన్ ఉంటదా?"

"మా ఇంట్ల మటన్ సంగతి తెల్వదు గని, తుంగ సంగతి మంచిగ తెల్సు. కూసో. ఈ చుట్ట చూడు. ఇప్పుడు ఇది చూడు."

జీవితంలో నేను అంత ఇష్టంగా ఎప్పుడూ పోట్లాడలేదు. పాత లారీల సంగతులన్నీ తీశాను. వానాకాలం వచ్చిన చెదలు పట్టిన గడ్డి, పలచగా కోసిన పలకలు, నన్ను చూసి హారన్ కొట్టిన అతని బామ్మర్ది. ఏదీ మర్చిపోలేదు కదా, ఒక్కొక్కటే అప్పజెప్పాను. అతను లేచి పోబోతే ఇంకొకటి తీసి కూర్చోబెట్టాను. పెళ్ళి పంక్తి సంగతి కూడా చెప్పబోయి, అది అతనికి సంబంధం లేదని ఆగాను.

అతని ఫోన్ మోగింది. విని నిలబడ్డాడు. ముఖం గోనెపట్టా రంగుకు వచ్చింది. కారు వైపు తిరిగేసరికి మేడం ముందే పంపి ఉంచిన ఇద్దరు కానిస్టేబుళ్ళు కారు పక్కన నిలబడి ఉన్నారు.

నా ఫోన్ కూడా మోగింది. మేడం గొంతు. "గేటు తీయించాం. అందరూ జీపుల్లో ఉన్నారు. కార్డులు బీరువాలోనే దొరికాయి. ఆ అమ్మాయికి ఫోన్ ఇవ్వండి."

లారీ పైకి ఫోన్ అందించాను. "మీ అవ్వ మాట్లాడుతది" అంటే దేవె నమ్మలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాక కోయలో ఏదో అంది, అవతలి నుంచి ముసలి గొంతు ఏదో అంది. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. అందరికీ వినపడేలా దేవె గట్టిగా నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. తర్వాత లారీ చక్రం మీద కాలు పెట్టి కిందికి దూకింది. ఆమె వెనక మిగతావాళ్ళు. పలకలు దింపడానికి కాకుండా ఆ మనుషులు లారీ దిగడం నేను చూడటం అదే మొదలు.

"శేఠూ, తుంగ దొరికింది. పీకేసినం!" అని ఓదెలు మల్లేశాన్ని చూసి కేకేశాడు.

గడ్డి మొత్తం చచ్చిపోయింది. పెద్ద ఆఫీసర్ వచ్చి ఎర్రమట్టి చూసి వెళ్ళాడు. నా కంటికి అంత అందమైన లాన్ ఇంకోటి లేదు.

తర్వాత

చట్టం ప్రకారం ఆ బయానాలన్నీ రద్దయ్యాయి. అందరికీ విడుదల పత్రాలు వచ్చాయి. మల్లేశం మీద కేసు నడిచింది, నర్సరీ మూతపడింది. పేపర్లో ఫోటో వచ్చింది. అందులో మేడం ఉంది, కానిస్టేబుళ్ళు ఉన్నారు, సుధాకర్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. నా గురించి 'స్థానికుడు ఒకరు' అని రాశారు. ఆ విలేఖరిని నేను మర్చిపోలేదు.

కానీ సుధాకర్ గారి గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన మారారు. మరుసటి నెల సరఫరాదారులందరినీ పిలిచి, చెప్పకుండా తనిఖీకి రావడానికి ఒప్పుకోని నర్సరీ దగ్గర ఆకు కూడా కొనేది లేదన్నారు. వచ్చిన పనివాళ్ళతో వాళ్ళ మేస్త్రి లేకుండా మాట్లాడతామన్నారు. పూటలో కావాలనే ఆర్డర్లు ఇక ఇచ్చేది లేదన్నారు. అన్నీ నా మాటలే, తనవిగా చెప్పారు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. కుండీలు కాల్చేవాళ్ళ దగ్గరికి, బాటకు రాళ్ళు పంపేవాళ్ళ దగ్గరికి కూడా ఇప్పుడు మా వాళ్ళు అలాగే పోయి చూస్తున్నారు. ఈ ప్రాంతంలో ఇంకో రెండు సంస్థలు అదే పద్ధతి పట్టుకున్నాయి. నా పేరు లేకపోయినా నా చాదస్తం నడుస్తోంది.

మీకు నేను ఇచ్చే సలహా చిన్నది. లారీ వచ్చినప్పుడు గడ్డి కన్నా ముందు మనుషుల్ని చూడండి. చాయ్ చెప్పండి. వస్తే మంచిదే. రాకపోతే నొచ్చుకోండి. బాగా నొచ్చుకోండి. ఎందుకు రాలేదో తెలిసేదాకా వదలకండి.

నేను రిటైరైన తర్వాత మళ్ళీ జాతర వచ్చింది. గోదావరి ఒడ్డుకు పోతుంటే వెనక నుంచి ఎవరో, "పంతులు సారూ!" అని పిలిచారు. దేవె. పక్కన భర్త, ఇంకో పక్క వాళ్ళ అవ్వ, ముగ్గురి నెత్తి మీదా బెల్లం. వాళ్ళ ఊరి నుంచి బస్సెక్కి వచ్చారట. తిరిగి ఎప్పుడు పోతారని అడిగితే, "మనసు బుట్టినప్పుడు" అంది.

నన్ను హోటల్ బల్ల మీద కూర్చోబెట్టింది. "నాడు నీ చాయ్ తాగలేదని మస్తు కోపమైనవంట. ఓదెలన్న చెప్పిండు. గిప్పుడు నువ్వు నా చాయ్ తాగాలె."

అందరం తాగాం. అవ్వ గుక్క గుక్కకూ ఊదుకుంటూ, రోడ్డు చూసుకుంటూ తీరికగా తాగింది. ఎవరి వైపూ చూసి అనుమతి అడగలేదు.

చాయ్‌లో చక్కెర బాగా ఎక్కువైంది. నేను ఏమీ అనలేదు.